ఖిల్లా కింద పెద్దమ్మ

మా పెద్దమ్మ కొండపల్లి ఖిల్లాకి ఎన్నిసార్లు వెళ్ళిందో ఆవిడకే లెక్క లేదు. ఆ ఖిల్లా లోపల ఏముందో కూడా చాలా ఏళ్ళపాటు ఆవిడకి తెలీదు. ఊళ్ళోంచి పైకి పోయే పాత మెట్ల దారి మొదట్లో, నీడ చూసుకుని, ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని కూర్చునేది. పక్కన నాలుగు గిన్నెల క్యారియర్. మమ్మల్నందర్నీ పైకి తోలేసి, దిగి వచ్చేదాకా అక్కడే ఉండేది. ఎవరైనా జాలిపడి, మీరు పైకి రారాండీ అని అడిగితే, "రాజుగారు ఇంట్లో లేరటండి, ఎందుకు ఎక్కడం?" అనేది.

పోయిన నెల పెద్దమ్మ పోయింది. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. ఆ లెక్కన మా పెద్దమ్మ గురించి చెప్పడం తొందరగానే అయిపోతుంది. అందుకని ఉన్నదున్నట్టు చెబుతాను.

ఆవిడ కాపురం కొల్లేరు లంకలో. మా అమ్మకి అక్క. భారీ మనిషి. మోకాళ్ళ నొప్పులు. కూర్చున్నంతసేపూ ఎడమ మోకాలి మీద చేత్తో తడుతూ ఉండేది, పిల్లాణ్ణి జోకొట్టినట్టు. ఏదైనా అనబోయే ముందు చెంగుతో మూతి తుడుచుకునేది. కొత్తవాళ్ళు అది చూసి, రాబోయే మాట శుభ్రంగా ఉంటుందనుకునేవాళ్ళు. మేం మాత్రం అక్కణ్ణుంచి లేచిపోవడానికి సాకు వెతుక్కునేవాళ్ళం.

మాది తాడేపల్లిగూడెం. మా వైపు పెళ్ళిచూపులకి ముందు ఇంకో చూపు ఉంటుంది. అసలు చూపులంటే మగపెళ్ళివారు పిల్ల ఇంటికి రావాలి, స్వీటూ హాటూ పెట్టాలి, వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చి చూస్తుంది. తీరా కుదరకపోతే పిల్లకి తలవంపు. అందుకని రెండు కుటుంబాలూ ముందు ఏ గుళ్ళోనో అనుకోకుండా కలిసినట్టు కలుస్తాయి. బస్సు టైముతో సహా ముందురోజే ఫోన్లో మాట్లాడుకుని, ఎదురుపడగానే "ఏవండీ, మీరూ వచ్చేరా, ఎంత చిత్రమండీ" అని ఆశ్చర్యపోతారు. మా వాళ్ళలో ఈ ఆశ్చర్యం బాగా పండించేది మా నాన్న. ఆయనకి ప్రతిసారీ కళ్ళు నిజంగానే పెద్దవయ్యేవి.

అందరూ ద్వారకా తిరుమల వెళితే, మా పెద్దమ్మ మాత్రం కొండపల్లి అనేది. గుళ్ళో ఎంత దొంగ వెధవైనా కళ్ళు మూసుకుని మంచివాడిలా నిలబడతాడని ఆవిడ వాదన. మనిషిని చూడాలంటే ఎత్తు ఎక్కించి చూడాలట. మా దేశంలో ఎత్తంటే చేపల చెరువు గట్టే. దాని మీద నిలబెడితే ఎవరి గుణమూ బయటపడదు. ఖిల్లాకి వెనకనుంచి ఘాట్ రోడ్డు ఉంది, కార్లు పైదాకా పోతాయి. పెద్దమ్మ దానికి ఒప్పుకునేది కాదు. కార్లో ఎక్కితే కారు గుణం తెలుస్తుందిగానీ పిల్లాడి గుణం ఏం తెలుస్తుందనేది.

మమ్మల్ని తీసుకెళ్ళడానికి పెదనాన్నగారి చేపల వ్యాను వచ్చేది. ఐసు ట్రేలు దింపేసి, ఫినాయిల్ పోసి కడిగి, చాపలు పరిచేవాళ్ళు. బెజవాడ చేరేసరికి మాకు పెట్టుకున్న పూల వాసన పోయి బొచ్చె చేప వాసన వచ్చేది. కట్టుకున్నది పట్టుచీరైనా సరే. పెళ్ళికొడుకు తరఫువాళ్ళు పలకరిస్తూ పలకరిస్తూ ఒక్క అడుగు వెనక్కి వేస్తే, పెద్దమ్మ ఆ అడుగు కూడా గుర్తుపెట్టుకునేది.

"ఎక్కేటప్పుడు అందరూ బాగానే ఉంటారే," అనేది పెద్దమ్మ. "కొత్త చొక్కా, కొత్త ఉత్సాహం. దిగేటప్పుడు చూడాలి. ఆకలేస్తుంది, చెప్పు కరుస్తుంది, కోతి బ్యాగు లాక్కుంటుంది. లోతేదైనా దిగేటప్పుడే తెలుస్తుంది."

కిందికి వచ్చిన వాళ్ళకి క్యారియర్ విప్పేది. పులిహోర, మినప గారెలు, అల్లం పచ్చడి. తీర్పు ఆ గారెల్లోనే ఉండేది. పెళ్ళికొడుక్కి పులిహోర పక్కన ఒక గారె వేసేది. నచ్చితే అతను అడక్కుండానే రెండోది వేసేది. నచ్చకపోతే ఆ ఒక్కటే. అవతలివాళ్ళకి ఈ సంగతి తెలీదు, పాపం. వాళ్ళు కోట గురించి మాట్లాడుకుంటుంటే మేమందరం ఊపిరి బిగబట్టి పెద్దమ్మ చేతికేసి చూసేవాళ్ళం. "తింటే గారెలే తినాలి. ఎన్ని తినాలో నేను చెబుతాను," అనేది ఇంటికొచ్చాక.

ఆవిడ మాటకి అంత విలువ ఊరికే రాలేదు. మా చుట్టాలమ్మాయికి చూసిన ఒకతన్ని ఒక్క గారెతో సరిపెట్టింది. అతను తర్వాత ఇంకెవర్నో చేసుకున్నాడు. ఆ చేసుకున్నమ్మాయిని పండక్కి పుట్టింట్లో దింపి, మళ్ళీ తీసుకెళ్ళడం మర్చిపోయాడట. అప్పట్నుంచి పెద్దమ్మ గారెకి మా ఇళ్ళల్లో జాతకం కన్నా ఎక్కువ మర్యాద వచ్చింది.

అసలు దిగేవాళ్ళలో ఏం చూస్తుందన్నది మాత్రం ఎవరికీ చెప్పేది కాదు. నీళ్ళ సీసా ఎవరు మోస్తున్నారో చూస్తుందని అమ్మ అనేది. నడక చూస్తుందని నాన్న అనేవారు.

మా పెదనాన్నగారి గురించి ఒక ముక్క చెప్పాలి. చేయి చేసుకున్న మనిషి కాదు, మాట తూలిన మనిషి కాదు. నడకలో మాత్రం ఎప్పుడూ ముందుండేవారు. ఆయన వీధి మొదట్లో కనబడితే, పెద్దమ్మ సంచీలతో ఆ వెనక వీధిలో ఎక్కడో ఉందని అర్థం. ఆయన మా ఇంటికి వచ్చి, కాళ్ళు కడుక్కుని, కాఫీ తాగి, పేపరు తిరగేసేసరికి పెద్దమ్మ వచ్చేది. ఒకసారి ఏలూరు బస్టాండులో ఆయన బస్సెక్కి కూర్చున్నారు, బస్సు వెళ్ళిపోయింది. పక్కన భార్య లేదన్న సంగతి కైకలూరులో దిగేటప్పుడు తెలిసింది. పెద్దమ్మ తరవాతి బస్సులో వెళ్ళింది. నీకు కోపం రాలేదా అని అడిగాను. "కోపమెందుకే, కిటికీ పక్కన సీటు దొరికింది," అంది.

కొల్లేరులో ఒక గీత ఉంది. దాని లోపల చెరువులు తవ్వకూడదని ప్రభుత్వం గీసింది. మా వాళ్ళు దాన్ని కాంటూరు అంటారు. పెదనాన్నగారి చెరువుల్లో సగం ఆ గీత లోపల తేలాయి. మిషన్లు వచ్చి గట్లు కొట్టేశాయి. ఆ రోజు కూడా ఆయన తల తిప్పకుండా ఇంటికి నడిచి వచ్చేశారట. పెద్దమ్మ మాత్రం చీకటి పడేదాకా అక్కడే నిలబడి, చేపలన్నీ కొల్లేట్లోకి పోతుంటే చూసి, "పోండర్రా, పోయి సుఖపడండి," అని వాటికి చెప్పి వచ్చింది.

ఇంక నా సంగతి. అతనిది దెందులూరు, ఏలూరులో ఉద్యోగం, రోజూ బండి మీద వెళ్ళి వస్తాడని చెప్పారు. అప్పటికి నేను ముగ్గురితో ఖిల్లా ఎక్కి దిగి ఉన్నాను. ఆ ముగ్గురికీ అన్నీ తెలుసు. ఏ గోడ ఎవరు కట్టారో, ఏనుగుల్ని ఎక్కడ కట్టేవారో, ఫిరంగి గుండు ఎంత దూరం పోతుందో చెప్పుకుంటూ ఎక్కారు. ఇతన్ని నేనే అడిగాను, ఈ కోట ఎవరు కట్టారండీ అని. "నాకు తెలీదండీ. పైన బోర్డు ఉంటుందేమో చూద్దామండీ," అన్నాడు. పైన బోర్డు ఉంది. సగం పెయింటు ఊడిపోయింది. ఇద్దరం నవ్వుకున్నాం. నాకు అక్కడే నచ్చేశాడు.

దిగేటప్పుడు ఒక కోతి అమ్మ చేతిసంచీ మీదికి దూకింది. అమ్మ బెదిరి, విరిగిన మెట్టు మీద కాలు వేసి పడింది. చీలమండ చూస్తుండగానే వాచిపోయింది. నేను అమ్మ కాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే, నాన్న కోతిని తిడుతూ నిలబడ్డారు. అతను "ఐసు తెస్తానండీ" అని రెండేసి మెట్లు దూకుతూ కిందికి పరిగెత్తాడు. సోడా కొట్టులో ఐసుముక్కలు తీసుకుని, చేతిరుమాల్లో మూటకట్టి, ఆటో మాట్లాడి, మళ్ళీ అన్ని మెట్లూ ఎక్కి వచ్చాడు. అమ్మకి ఒక పక్క నాన్న, ఒక పక్క అతను పట్టుకుని నెమ్మదిగా దించారు.

కింద పెద్దమ్మ క్యారియర్ విప్పింది. చెల్లెలి కాలు నొక్కి చూసి, విరగలేదులే అంది. అందరికీ పులిహోర పెట్టింది. అతనికి ఒక గారె వేసింది. నేను ఆవిడ చేతికేసి చూస్తున్నాను. ఆ చెయ్యి క్యారియర్ మూత పెట్టేసింది.

ఇంటికొచ్చాక పెద్ద గొడవ. అతని భుజం పట్టుకుని కొండ దిగిన మా అమ్మే, కాలు బకెట్లో పెట్టుకుని, "కుర్రాడు బంగారమే, కాని అక్కయ్య ఒక్క గారే వేసిందే," అని నసిగింది. నాకు ఒళ్ళు మండింది. అతనిలో ఏం తప్పు కనబడిందో చెప్పమని పెద్దమ్మ మీదికి వెళ్ళాను. అప్పుడు చెప్పింది ఇన్నేళ్ళ రహస్యం.

"వెనక్కి చూళ్ళేదే," అంది మూతి తుడుచుకుని. "దిగేవాడు వెనకాల వచ్చేవాళ్ళు వస్తున్నారా లేదా అని ఒక్కసారన్నా తల తిప్పుతాడు. నేను చూసేది అదొక్కటే. ఇతను పిల్ల నచ్చక పారిపోతున్నట్టు పరిగెత్తుకొచ్చేడు."

ఐసు కోసం పరిగెత్తాడని చెప్పాను. పరిగెత్తేవాడికీ మెడ ఉంటుందంది. నాకు ఏడుపొచ్చింది. "కింద కుర్చీలో కూర్చుని పైన జరిగినవాటికి తీర్పు చెబుతావా? ఒక్కసారన్నా ఎక్కేవా ఆ కొండ?" అనేశాను. పెద్దమ్మని ఎదిరించి మాట్లాడినవాళ్ళు మా ఇంట్లో అంతవరకు లేరు. ఆవిడ మోకాలి మీద తట్టుకుంటూ కూర్చుంది. మర్నాడు పొద్దున్నే లంకకి వెళ్ళిపోయింది.

వారం తిరక్కుండా ఫోను చేసింది. "గూడెంలో రైలెక్కు, నేను ఏలూరులో ఎక్కుతాను. ఆ మెట్టేదో నాకు చూపించు," అంది.

ఆ రోజు పెద్దమ్మ కొండ ఎక్కిన తీరు చెప్పడం కష్టం. నాలుగు మెట్లు ఎక్కేది, కూర్చునేది, రాజుగారి వంశాన్నంతా తిట్టేది. పనిలేక ఆయన కట్టాడు, పనిలేక మనం వచ్చాం అనేది. మళ్ళీ నాలుగు మెట్లు. దిగేవాళ్ళు ఆగి చేయందిస్తే, "మీరు పదండి బాబూ, నేను సాయంత్రానికి చేరతాను," అనేది. మొత్తానికి విరిగిన మెట్టు దాకా వచ్చింది. దాని మీద కూర్చుని ఆయాసం తీరాక, అతను పరిగెత్తినట్టే నన్ను కిందికి పరిగెత్తమంది. పరిగెత్తాను. కొంచెం దూరంలోనే దారి ఒక బండరాయిని చుట్టి తిరుగుతుంది. నేను ఆ మలుపు దాటాక, ఆవిడ ఎప్పుడూ కుర్చీ వేయించుకునే చోటు కనబడింది. అది కనబడిన చోటినుంచి వెనక్కి తిరిగితే పెద్దమ్మ లేదు. మెట్టూ లేదు. బండ అడ్డం.

తిరిగి వచ్చి చెప్పాను. కిందనుంచి కనబడేది మలుపుకి ఇవతల ఉన్న చివరి మెట్లు మాత్రమేనని, పైన ఎవరు తల తిప్పినా కుర్చీలోకి కనబడదని. పెద్దమ్మ మోకాలి మీద తట్టడం ఆపేసింది.

"అయితే ఇన్నాళ్ళూ నేను తోక చూసి గేదెని బేరం చేసేనన్నమాట," అంది చివరికి. ఇంకాసేపాగి, "పాపం, ఆ ముదినేపల్లి కుర్రాడు," అంది. ముదినేపల్లి కుర్రాడు నాకన్నా ముందు మా చుట్టాల్లో ఎవరికో చూస్తే, పెద్దమ్మ ఒక్క గారెతో వద్దన్న ఇంకో అబ్బాయి. అతను ఇప్పుడెక్కడున్నాడో, రెండో గారె దక్కనందుకు సుఖంగా ఉన్నాడేమో కూడా మాకు తెలీదు.

"ఇతను చూశాడా మరి, పరిగెత్తే ముందు?" అని అడిగింది.

నాకు తెలీదన్నాను. నేను అమ్మ కాలికేసి చూస్తున్నాను, నాన్న కోతికేసి చూస్తున్నారు. అతన్నే అడక్కపోయావా అంది. ఫోన్లో అడిగానని, "గుర్తులేదండీ" అన్నాడని చెప్పాను.

"చూశానని చెప్పలేదా?"

"లేదు."

పెద్దమ్మ చెంగుతో ముఖమంతా తుడుచుకుంది. "సరే, చేసుకో," అంది. "పాసయ్యాడని మాత్రం అనను. అతని పరీక్ష అలాగే మిగిలి ఉంది."

ఇంతదాకా వచ్చాం కదా, ఆ రాజుగారి ఇల్లేదో చూద్దామని తనే లేచింది. పై ద్వారంలో అడుగు పెడుతూ, చెప్పులు విప్పాలా అని అడిగింది. అక్కర్లేదంటే, అయితే పెద్ద గొప్పవాడేం కాడంది. కప్పులేని గదులన్నీ తిరిగి, గోడలకి పెట్టిన ఖర్చులో కొంచెం మిగుల్చుకుని పైకప్పు వేయించుకోవాల్సిందని తేల్చింది. రాణిగారి వంటిల్లు ఎక్కడని వెతికింది, దొరకలేదు. దర్గా దగ్గర మాత్రం ముసుగు వేసుకుని, పంచదార పంచి, చేతులు జోడించి మర్యాదగా నిలబడింది. కొండ మీది కోనేరు చూడగానే ఆవిడ ముఖం వెలిగింది. వంగి, నీళ్ళు చేత్తో తీసి వాసన చూసి, "చేపపిల్ల వేస్తే బతుకుతుందే," అంది. "లీజుకిస్తారేమో కనుక్కో. ఇంతెత్తుకి ఏ కాంటూరూ రాదు. ఏ మిషనూ ఎక్కలేదు."

గోడ పక్కన కూర్చుని ఇద్దరం అరటిపళ్ళు తిన్నాం. కింద ఊరు, రైలు పట్టాలు, దూరంగా కృష్ణ. పెద్దమ్మ మా లంక ఎటువైపు ఉంటుందని అడిగింది. నేను తూర్పుకి చేయి చూపించాను. ఎండలో అటు ఏమీ కనబడటం లేదు. ఆవిడ అటే చూస్తూ, "మీ పెదనాన్న మంచోడేనే," అంది. "నాకేం లోటు చెయ్యలేదు. ఒక్కసారి వెనక్కి చూస్తే ఏం పోయిందంటాను." ఆ మాటలో వెటకారం లేదు. నేను ఆవిడ చేయి పట్టుకున్నాను. కోతి వచ్చి నా చేతిలో మిగిలిన అరటిపండు లాక్కుపోయింది. పెద్దమ్మ ఎప్పటి మనిషయిపోయి, దానికి చెప్పాల్సినవి చెప్పింది.

నా పెళ్ళయింది. పెదనాన్నగారు అలవాటు ప్రకారం ముందు వెళ్ళిపోయారు. ఆ మాట నాది కాదు, పరామర్శకి వచ్చినవాళ్ళందరికీ పెద్దమ్మే చెప్పింది. చెప్పి, మళ్ళీ మళ్ళీ ఏడ్చింది.

మా ఆయన్ని మాత్రం వదల్లేదు. ఎప్పుడు లంకకి వెళ్ళినా గారెలు చేసేది, ఆయనకి ఒక్కటే వేసేది. "అల్లుడుగారూ, మీ పరీక్ష ఇంకా మిగిలే ఉందండీ," అనేది. ఆయన "ఆయ్, రాస్తానండీ అత్తయ్యగారండీ" అనేవారు. మిగతా గారెలు నేను వంటింట్లోంచి తెచ్చి పెట్టబోతే, పెద్దమ్మ ఊరుకునేది కాదు. తిరిగి వచ్చేటప్పుడు ఆయన గేటు దగ్గర్నుంచీ ప్రతి రెండడుగులకీ తల తిప్పి ఆవిడకేసి చూస్తూ నడిచేవారు. ఒకసారి పూర్తిగా వెనక్కి తిరిగి నడిచి, పక్క కాలవలో పడ్డారు. పెద్దమ్మ అరుగు మీంచి పొట్ట పట్టుకుని నవ్వింది. "నేను చూస్తున్నానని చూసింది లెక్కలోకి రాదండీ," అని అంత దూరం నుంచీ అరిచి చెప్పింది. ఆయన గుర్రపుడెక్క పీక్కుంటూ గట్టెక్కారు.

పోయిన నెల నిద్రలోనే పోయింది. ఆవిడ నోటికి భయపడి యముడు మెలకువలో రాలేదని మా అన్నయ్య, అంటే ఆవిడ కొడుకు, ఏడుస్తూనే అన్నాడు. మా ఆడవాళ్ళం ఇంటి దగ్గరే ఉండిపోయాం. మగవాళ్ళు చెరువు గట్టు మీదుగా తీసుకెళ్ళారు.

మా వైపు ఒక పట్టింపు ఉంది. చితికి నిప్పు పెట్టాక ఇంక తిరిగి చూడకూడదు. చూస్తే పోయినవాళ్ళకి ఇల్లు గుర్తొస్తుందట, వెళ్ళలేరట. తల దించుకుని సూటిగా నడిచి వచ్చేయాలి.

సాయంత్రం అందరూ తడిబట్టలతో తిరిగి వచ్చారు. అన్నయ్య నన్ను పక్కకి పిలిచాడు. "బావకి చెప్పమ్మా కొంచెం," అన్నాడు. "పంతులుగారు ముందే చెప్పేరు వెనక్కి చూడొద్దని. అందరం వచ్చేస్తున్నాం. బావ గట్టు మలుపులో ఆగిపోయి, పూర్తిగా తిరిగి నిలబడ్డాడు. పిలుస్తున్నా కదల్లేదు." లోపల్నుంచి ఎవరో అది విని, అరిష్టమని, మళ్ళీ తలస్నానం చేయించమని అన్నారు.

ఆయన నూతి దగ్గర రెండోసారి నీళ్ళు పోసుకుంటుంటే తువ్వాలు పట్టుకుని వెళ్ళాను. చూశారా అని అడిగాను. చూశానన్నారు. ఎందుకన్నాను.

"ఇవాళైతే ఆవిడ చూడట్లేదు కదా," అన్నారు.

పెద్దకర్మ నాడు గారెలు చేశారు. బంతిలో మా ఆయన చివర కూర్చున్నారు. నేను వడ్డిస్తూ వెళ్ళి, ఆయన విస్తట్లో ఒక గారె వేశాను. ఆయన తలెత్తలేదు. నేను కదలకుండా అక్కడే నిలబడి, రెండోది వేశాను.